చలివేంద్రం: 'ఎండాకాలం' పాఠం చెప్పేవారికి

మూడో స్థాయిలో 'ఎండాకాలం' పాఠం చెప్పినవాళ్ళకి ఈ ఇబ్బంది తెలిసే ఉంటుంది. మామిడిపళ్ళు, తాటిముంజలు, డాబా మీద పడకలు, ఇవన్నీ పిల్లలు ఇట్టే అందుకుంటారు. అమ్మమ్మగారింటికి వెళ్ళినప్పుడు చూసినవే కదా. చలివేంద్రం అన్న మాట దగ్గర మాత్రం ఆగిపోతారు. పోయినేడాది నా తరగతిలో ఒక పాప "చలి అంటే కోల్డ్, అయితే వింటర్‌లో పెడతారా?" అని అడిగింది. ఇంకొకడు ఐస్‌క్రీం కొట్టు అన్నాడు. నేను బొమ్మ చూపించి, దారిన పోయేవాళ్ళకి ఊరికే మంచినీళ్ళిచ్చే చోటు అని చెప్పి, "ఇలాంటిది మీరిక్కడ దోహాలో ఎక్కడైనా చూశారా?" అన్నాను. ఎవరూ మాట్లాడలేదు.

మన తరగతి గది కిటికీలోంచి చూస్తే సందు అవతల గోడకి ఒక స్టీలు వాటర్ కూలర్ కనిపిస్తుంది. రెండు కుళాయిలు, కింద చిన్న తొట్టి. అది చూపించాను. ఎనిమిదేళ్ళ బాబు వెంటనే అన్నాడు: "అది లేబర్ వాటర్ కదా టీచర్. మనం తాగకూడదు."

నాకేం చెప్పాలో తోచలేదు. "సరేలే, మన బాటిళ్ళు మనకున్నాయిగా" అనేసి తర్వాతి పేరాలోకి వెళ్ళిపోయాను. నీళ్ళు నమలడం అంటే ఏమిటో పిల్లలకి నేర్పాల్సిన నేనే ఆ రోజు నీళ్ళు నమిలాను. ఆ బాబు తప్పేం లేదు, ఎవరో పెద్దవాళ్ళ దగ్గర విన్నదే చెప్పాడు. ఆ జవాబు తర్వాత చాలా రోజులు నన్ను వదల్లేదు. ఈ వ్యాసం అప్పటినుంచీ నేను చేసుకుంటున్న హోంవర్క్. ఈ పాఠం చెప్పబోయే టీచర్లకీ, ఇంట్లో పిల్లలతో మాట్లాడే తల్లిదండ్రులకీ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు మాట సంగతి చూద్దాం. చలివేంద్రం, చలివెందర, చలిపందిరి, ఈ మూడూ ఒకటే. చలిపందిరి అన్న మాట బ్రౌన్ నిఘంటువులో కూడా ఉంది. పిల్లలకి 'చలి' అనగానే స్వెట్టరు గుర్తొస్తుంది కాబట్టి బోర్డు మీద దాని చుట్టాలందరినీ రాయండి: చల్లన, చలువ, చలువరాయి, చల్లారడం. మజ్జిగకి 'చల్ల' అన్న పేరుందని చెప్పండి. చల్లకొచ్చి ముంత దాచడం అన్న సామెత చెప్పడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు. సంస్కృతంలో ఇదే ప్రప. ఆ మాట పిల్లలకి అక్కర్లేదు, మీకు మాత్రం ముందు ముందు పనికొస్తుంది.

చలివేంద్రం ఎలా ఉంటుందో వివరంగా చెప్పండి, తొందరపడకండి. ఉగాది దాటాక, ఎండలు ముదిరే వేళకి, నాలుగు రోడ్ల కూడలిలోనో బస్టాండు దగ్గరో చెట్టు నీడ చూసుకుని నాలుగు గుంజలు పాతి, పైన తాటాకో కొబ్బరాకో కప్పుతారు. కింద ఇసుక పోసి తడిపి, దానిమీద కుండలు కుదురుగా పెడతారు. కుండ చుట్టూ తడిగుడ్డ. కొందరు నీళ్ళలో వట్టివేళ్ళు వేస్తారు, వాసన కోసమూ చలువ కోసమూ. పైన మూత, మూత మీద గ్లాసు. కుండలో చెయ్యి పెట్టకుండా ముంచడానికి పొడుగు కాడ ఉన్న గరిటె. ఒక మనిషి అక్కడే కూర్చుని నీళ్ళు పోస్తూ ఉంటారు. చాలా ఊళ్ళలో అది ఒక పెద్దావిడ పని. ఉన్నచోట మజ్జిగ కూడా పోస్తారు, ఉప్పు, అల్లం, కరివేపాకు వేసి. తెలంగాణ పల్లెల్లో అంబలి కేంద్రాలు పెడతారు. శ్రీరామనవమికి పానకం పంచేదీ ఈ రోజుల్లోనే. వైశాఖంలో నీళ్ళ కుండ దానమివ్వడం ఇప్పటికీ చాలా ఇళ్ళల్లో ఉంది. ఇవాళ పందిరి స్థానంలో టెంటు, కుండల స్థానంలో ఇరవై లీటర్ల క్యాన్లు వచ్చాయి. ఫ్లెక్సీ మీద దాతగారి ఫోటో నీళ్ళ కంటే పెద్దగా ఉండడమూ వచ్చింది. అయినా దాహంతో వచ్చినవాడు ఫ్లెక్సీ చదవడు, గ్లాసు అందుకుంటాడు.

ఈ పద్ధతి ఎంత పాతది అంటే, మన నేల మీద రాతిలో ఉన్నంత పాతది. కర్నూలు జిల్లాలో గుత్తి నుంచి పత్తికొండ వెళ్ళే దారిలో ఎర్రగుడి అనే చోట అశోకుడి శాసనాలున్నాయి. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దం నాటివి. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మీ. అక్కడి బండల మీద చెక్కిన ప్రధాన శిలాశాసనాల్లో రెండోది మనుషులకీ పశువులకీ వైద్యం, మందు మొక్కల గురించి చెప్పి, దారుల వెంట బావులు తవ్వించాననీ చెట్లు నాటించాననీ చెబుతుంది. ఆ నీడా ఆ నీళ్ళూ మనుషులకీ పశువులకీ ఇద్దరికీ. పిల్లలు ఇక్కడ తప్పకుండా "ఆవులు కూడా క్యూలో నిలబడేవా?" అంటారు. అననివ్వండి. ఊళ్ళలో బావి పక్కన పశువులకి వేరే నీళ్ళ తొట్టి ఉండేదని చెప్పండి.

శాతవాహనుల కాలానికి వస్తే, హాలుడు కూర్చాడని చెప్పే గాథాసప్తశతిలో ఒక ప్రసిద్ధమైన గాథ ఉంది. అదీ ప్రాకృతమే. ప్రపలో ఒక అమ్మాయి బాటసారికి దోసిట్లోకి నీళ్ళు పోస్తోంది. అతను ఆమె ముఖం వంక చూస్తూ, తొందరగా అయిపోకూడదని వేళ్ళు ఎడం చేసి నీళ్ళు కారిపోనిస్తాడు. ఆమె కూడా ధారని సన్నం చేస్తుంది. మూడో స్థాయికి ఇందులో ప్రేమ సంగతి చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో ఆడపిల్ల కూర్చుని దారిన పోయే ఎవరికైనా నీళ్ళు పోసే చోటు ఒకటి ఉండేదనీ, గ్లాసు లేకుండా దోసిలి పట్టి తాగేవారనీ చెబితే చాలు. తర్వాత పిల్లల చేత దోసిలి పట్టించండి. మా తరగతిలో సగం మందికి రాలేదు. వేళ్ళ సందుల్లోంచి అన్నీ కారిపోయాయి, బాటసారిలా కావాలని కాదు.

ఇప్పుడు మన సందులోని కూలర్ దగ్గరికి రండి. అరబ్బీలో దీన్ని సబీల్ అంటారు. సబీల్ అంటే దారి. దేవుడి దారిలో ఇచ్చేది అన్న అర్థంతో, దారిన పోయేవాళ్ళకి నీళ్ళిచ్చే చోటుకి ఆ పేరు స్థిరపడింది. సాద్ బిన్ ఉబాదా అనే ఆయన తల్లి పోయాక, ఆవిడ పేరున ఏ దానం చేస్తే మంచిదని ప్రవక్తని అడిగాడనీ, నీళ్ళు అని జవాబొచ్చిందనీ, ఆయన బావి తవ్వించాడనీ ముస్లింలలో అందరికీ తెలిసిన కథనం ఉంది. అందుకే ఇక్కడ మసీదు బయటా, చాలా ఇళ్ళ ప్రహరీ గోడలకీ కూలర్లు కనిపిస్తాయి. అమ్మ పేరున, నాన్న పేరున పెట్టినవి ఎన్నో. మన ఊళ్ళలోనూ చలివేంద్రం బోర్డు మీద 'కీర్తిశేషులు' అన్న మాట తరచుగా ఉంటుందని గుర్తుచేసుకోండి. పోయినవాళ్ళ పేరున బతికున్నవాళ్ళ దాహం తీర్చాలని రెండు చోట్లా అనిపించింది. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారని నేననను. ఎండ ఒక్కటే.

కైరో నగరపు సబీళ్ళ గురించి టీచర్లుగా మనం ప్రత్యేకంగా తెలుసుకోవాలి. అక్కడ 'సబీల్ కుత్తాబ్' అనే కట్టడాలున్నాయి. కింద అంతస్తులో దారినపోయేవాళ్ళకి కిటికీ జాలీలోంచి మంచినీళ్ళు ఇచ్చేవారు, పై అంతస్తులో చిన్నపిల్లలకి చదువు చెప్పేవారు. 1479లో సుల్తాన్ ఖైత్‌బే కట్టించినదీ, 1744లో అబ్దుల్ రహమాన్ కత్‌ఖుదా కట్టించినదీ ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. ఖర్చంతా వక్ఫు ఆస్తుల ఆదాయం మీద నడిచేది, పిల్లల దగ్గర ఫీజు తీసుకునేవారు కాదు. కింద నీళ్ళు, పైన అక్షరాలు! జీతం లేకుండా శుక్రవారం పొద్దున్నే లేచి వచ్చి పాఠం చెప్పే మనకి ఆ కట్టడం ఫోటో ఒకటి తరగతి గోడ మీద ఉంటే బాగుంటుందని నాకనిపించింది, పెట్టాను కూడా.

హైదరాబాద్ నుంచి వచ్చిన కుటుంబాలకి సబీల్ కొత్త మాట కాదు. మొహర్రం రోజుల్లో పాతబస్తీలో వీధి వీధికీ సబీళ్ళు పెట్టి నీళ్ళూ షర్బతూ పంచుతారు. కర్బలాలో దాహంతో ప్రాణాలు విడిచినవాళ్ళ తలపులో చేసే పని అది. తాగేవాడి మతం ఎవరూ అడగరు. చార్మినార్ దాటి ఉత్తరంగా నడిస్తే నాలుగు కమానుల నడుమ గుల్జార్ హౌజ్ ఉంది. నగరం పుట్టిన కొత్తలో, 16వ శతాబ్దం చివర కట్టిన నీటి తొట్టి అది. ఇప్పుడు దాని చుట్టూ ఆటోలు తిరుగుతున్నాయి. మీ తరగతిలో హైదరాబాద్ పిల్లలుంటే వాళ్ళ తాతయ్యకో నానమ్మకో ఫోన్ చేసి, చిన్నప్పుడు వీధిలో నీళ్ళు ఎక్కడ తాగేవారో అడిగి రమ్మనండి. మా తరగతికి అలా వచ్చిన కబుర్లలో కూజా, ముంత, తిత్తి, భిస్తీ అన్న మాటలు దొరికాయి. కూజా పారసీక భాష నుంచి వచ్చింది. తిత్తి అచ్చ తెలుగు. రెండూ మన నాలుక మీద పక్కపక్కనే బతికాయి.

అసలు బంగారంలాంటి సంగతి మన మెట్రో లైను మీదే ఉంది. ఉమ్ ఘువైలినా స్టేషన్‌లో రెడ్ లైన్ ఎక్కి లుసైల్ వైపు వెళ్తే, అల్ దోహా అల్ జదీదా తర్వాత వచ్చేది ముషైరిబ్. మూడు లైన్లూ కలిసే స్టేషన్ కాబట్టి పిల్లలందరికీ తెలుసు. ముషైరిబ్ అంటే అర్థం ఏమిటో మాత్రం నా తరగతిలో ఎవరికీ తెలియదు, నిజం చెప్పాలంటే మొన్నటిదాకా నాకూ తెలియదు. నీళ్ళు తాగే చోటు అని అర్థం. అక్కడ ఉన్న బావి వల్ల వచ్చిన పేరు. అరబ్బీలో తాగడానికి సంబంధించిన మూల అక్షరాలు ష, ర, బ. ముషైరిబ్‌లో అవే ఉన్నాయి, మన షర్బత్‌లోనూ అవే. ఒకసారి పిల్లల్ని తీసుకెళ్ళండి. స్టేషన్ బోర్డు దగ్గర నిలబెట్టి, ఇది ఈ నగరానికి చలివేంద్రం అని చెప్పండి. అప్పుడిక ఆ మాట మర్చిపోరు. ఐన్ ఖాలిద్ అంటే ఖాలిద్ ఊట. అల్ రయ్యాన్ పేరులోనూ దాహం తీరడం, తడి నిండడం అన్న అర్థమే ఉంది. నీళ్ళు లేని చోట ఊళ్ళకి నీళ్ళ పేర్లే ఎక్కువ పెడతారేమో! మనకి కోనేరులూ వాగులూ ఉన్నా ఊరి పేర్లలో చెరువు, కుంట, బావి తక్కువేం లేవు. పిల్లల సొంత ఊళ్ళ పేర్లలో నీళ్ళు ఎక్కడున్నాయో వెతికించండి.

ఖతర్‌లో నది లేదు. ఏడాది పొడుగునా కురిసే వాన సగటున 100 మిల్లీమీటర్లు కూడా ఉండదు. గల్ఫ్ పట్టణాల్లో ఒకప్పుడు బావుల నుంచి నీళ్ళు తోడి, భుజం మీద బద్దకి రెండు వైపులా రేకు డబ్బాలు వేలాడదీసుకుని ఇంటింటికీ మోసేవాళ్ళుండేవారు. కందరి అనేవారు వాళ్ళని. మన కావడి అదే. 1950ల నుంచి సముద్రపు నీటిని ఉప్పు తీసి మంచినీరుగా మార్చడం మొదలైంది. ఇవాళ మన ఇంటి కుళాయిలో వచ్చేదీ గోడ పక్కన కూలర్‌లో వచ్చేదీ దాదాపు అంతా ఆ నీరే. అంటే ఆ బాబు చెప్పిన లేబర్ వాటరూ, వాళ్ళింటి కుళాయి నీళ్ళూ ఒకే సముద్రంలోంచి, ఒకే గొట్టాల్లోంచి వస్తున్నాయి. పిల్లలకి ఈ ఒక్క ముక్క బలంగా తగులుతుంది. మా తరగతిలో తగిలింది.

యూరప్ సంగతి క్లుప్తంగా చెబుతాను. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్ళే దానికి కారణమని డాక్టర్ జాన్ స్నో చూపించాడు. 1859 ఏప్రిల్ 21న, శామ్యూల్ గర్నీ అనే పార్లమెంటు సభ్యుడు పూనుకుని స్థాపించిన సంఘం, హోబర్న్ దగ్గర చర్చి ప్రహరీలో మొదటి ఉచిత మంచినీటి ఫౌంటెన్ పెట్టింది. గొలుసుతో కట్టిన కప్పులుండేవి. కొన్నేళ్ళకి అదే సంఘం పశువులకి తొట్లు కట్టడం కూడా మొదలుపెట్టింది. ఎర్రగుడి బండ చెప్పిన మాటే. పారిస్‌లో 1872 నుంచి రిచర్డ్ వాలెస్ ఇచ్చిన ఆకుపచ్చ ఫౌంటెన్లు వచ్చాయి. వాటికి వేలాడే రేకు కప్పుల్ని 1952లో శుభ్రత కోసం తీసేశారు. అమెరికాలో 1909లోనే కాన్సాస్ రాష్ట్రం అందరూ ఒకే కప్పుతో తాగడాన్ని నిషేధించింది. మనకిప్పుడు మామూలైన కాగితపు గ్లాసు వెనక ఉన్నది ఆ భయమే. మన వాళ్ళు పై నుంచి ఎత్తి పోసుకుని తాగడంలో శుభ్రత ఉందని గర్వంగా చెప్పుకుంటాం, అది నిజమే.

కాకపోతే ఆ ఎత్తి పొయ్యడానికి ఇంకో అర్థం కూడా ఉండేది. ఈ పాఠంలో అసలు కష్టం ఇక్కడే ఉంది, దాన్ని దాటేయొద్దని నా మనవి. గ్లాసు అందరికీ ఒకటే కాదు. కొందరికి చేతికి గ్లాసిచ్చేవారు, కొందరికి దూరం నుంచి దోసిట్లోకి పోసేవారు. ఊరి బావి దగ్గర కొన్ని కులాలవాళ్ళు ఎవరైనా తోడి పోసేదాకా ఎండలో నిలబడేవారు. హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి మన పెద్దవాళ్ళలో చాలామంది కళ్ళారా చూసిందే. బ్రిటిష్ కాలంలో రైల్వే స్టేషన్లలో హిందువులకి ఒక నీళ్ళ మనిషి, ముస్లింలకి ఇంకో నీళ్ళ మనిషి ఉండేవారు. 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు తాగడానికి అంబేద్కర్ వేలమందితో నడిచి వెళ్ళాల్సి వచ్చింది. అందుకే 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలో 15వ అధికరణం బావులూ చెరువులూ స్నానఘట్టాలూ అని పేరు పెట్టి మరీ చెబుతుంది, వాటి వాడకంలో ఎవరినీ అడ్డుకోకూడదని. అంత పెద్ద పుస్తకంలో బావి అన్న మాట రాయాల్సి వచ్చిందంటే ఆ బావి దగ్గర ఏం జరిగేదో ఊహించుకోవచ్చు. రాసిన 35 ఏళ్ళకి, 1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపేశారు. ఆ గొడవ మొదలైంది వాళ్ళు మంచినీళ్ళు తెచ్చుకునే చెరువు దగ్గర. ఇది మూడో స్థాయికి చెప్పే సంగతి కాదు. పై స్థాయి పిల్లలకి, ముందు తల్లిదండ్రులతో మాట్లాడి చెప్పండి. ఇక్కడి బడుల్లో చదివే పిల్లలకి అమెరికాలో తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ వేరు వేరు ఫౌంటెన్లుండేవని, 1964 చట్టంతో అది పోయిందని ఇంగ్లీషు పాఠాల్లో తెలుస్తుంది. మన ఊరి బావి సంగతి మాత్రం తెలియకుండా పెద్దవాళ్ళవుతారు. తెలుగు నేర్పడమంటే ఆ భాషలో ఉన్న తియ్యటి మాటలొక్కటే నేర్పడం కాదని నేననుకుంటాను. ఈ పేరా ఇందులో ఉండాలా వద్దా అని మా టీచర్లలోనే రెండు అభిప్రాయాలొచ్చాయి. చివరికి ఉంచాం.

మరి ఆ బాబుకి ఏం చెప్పాలి? ఈ ఏడాది అదే పాఠం వచ్చినప్పుడు నేను ఉపన్యాసం ఇవ్వలేదు. పిల్లల్ని ఇద్దరిద్దరిగా కిటికీ దగ్గర నిలబెట్టి, పది నిమిషాలు కూలర్ దగ్గరికి ఎవరెవరు వస్తారో తెలుగులో రాయమన్నాను. డెలివరీ బండి అబ్బాయి, బిల్డింగు కాపలా ఆయన, స్కూలు యూనిఫాంలో ఇద్దరు, పిల్లి, సూటు వేసుకున్న ఒకాయన, నీలం డ్రెస్సులో నలుగురు. పిల్లిని రాసిన పాపకి అశోకుడి పేరు చెప్పి చప్పట్లు కొట్టించాను. తర్వాత కిందికి వెళ్ళాం. నీలం డ్రెస్సులో ఉన్న ఒకాయన మా మాటలు విని, "తెలుగోళ్ళా మీరు?" అన్నాడు. జగిత్యాల దగ్గర ఊరట. పిల్లలు ఆయన్ని "అంకుల్, మీ ఊళ్ళో చలివేంద్రం ఉందా?" అని అడిగారు. "ఎందుకు లేదు బిడ్డా, మా నాయిన పెట్టేటోడు. రంజన్ల నీళ్ళు, ఎంత సల్లగ ఉండేవో" అన్నాడు. రంజన్ అంటే ఏమిటని పిల్లలడిగితే చేతుల్తో ఇంత పెద్ద కుండ అని చూపించాడు. నా నోట్సులో ఆ మాట లేదు. ఆయన తాగి, కుళాయి కింద చెయ్యి పెట్టి కడిగి, "తాగుండ్రి, మంచిగున్నయ్" అన్నాడు. ముగ్గురు తాగారు. తక్కినవాళ్ళు తాగలేదు, నేను బలవంతపెట్టలేదు. పోయినేడాది ఆ మాటన్న బాబు ఇప్పుడు పై తరగతిలో ఉన్నాడు, వాడితో ఇంకా మాట్లాడాల్సి ఉంది.

తల్లిదండ్రులకి ఒక మాట. కూలర్ నీళ్ళు శుభ్రమో కాదో అన్న సందేహం న్యాయమైనదే. ఫిల్టర్ ఎప్పుడు మార్చారో కొన్నిటి మీద చీటీ ఉంటుంది, లేనివీ ఉన్నాయి. మీ పిల్ల తాగొద్దనుకుంటే వద్దనండి. కాకపోతే "ఫిల్టర్ ఎలా ఉందో తెలీదు" అనండి, "అది వాళ్ళది" అనకండి. పిల్లలకి ఈ రెండు వాక్యాల తేడా మనకన్నా బాగా తెలుస్తుంది. ఎండలో పనిచేసేవాళ్ళ గురించి అడిగితే, 2021లో వచ్చిన నియమం ప్రకారం జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకూ పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా ఆరుబయట పని చేయించకూడదని చెప్పండి. ఎందుకు చేయించకూడదో వాళ్ళే చెబుతారు. నీళ్ళు తాగేవాళ్ళ ఫోటోలు పిల్లల్ని తియ్యనివ్వకండి. ఉత్సాహంతో చలివేంద్రం మనమే పెడదామంటారు. వీధిలో మనంతట మనం పందిరి వెయ్యకూడదు, చందాలు అసలే వసూలు చెయ్యకూడదు. మా పిల్లలు వార్షికోత్సవం రోజు హాలు గుమ్మం దగ్గర బల్ల వేసి, కాపలావాళ్ళకీ డ్రైవర్లకీ లోపలికొచ్చే అతిథులకీ ఒకే రకం గ్లాసుల్లో మజ్జిగ ఇచ్చారు. ఒకే రకం గ్లాసులుండాలన్నది వాళ్ళే పెట్టుకున్న నియమం.

చివరగా కుండ ప్రయోగం. పిల్లలకి అన్నిటికన్నా ఎక్కువ నచ్చేది ఇదే కాబట్టి సరిగ్గా చెయ్యండి. ఒక మట్టికుండ, ఒక స్టీలు బిందె, రెండు థర్మామీటర్లు కావాలి. రెండింట్లో ఒకే కొలత నీళ్ళు పోసి, నీడ ఉన్న బాల్కనీలో గాలి తగిలేలా పెట్టి, గంటకోసారి డిగ్రీలు రాయించండి. మట్టికుండ సన్నటి రంధ్రాల్లోంచి చెమరుస్తుంది. ఆ తడి ఆవిరవుతూ లోపలి నీళ్ళ వేడిని తీసుకుపోతుంది. ఒక్క గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి. అది 58 గ్రాముల నీటిని పది డిగ్రీలు చల్లబరచడానికి సరిపోతుంది. ఇక్కడ ఒక చిక్కుంది. జూన్‌లో పొడిగాలి వీచేటప్పుడు కుండ బాగా పనిచేస్తుంది. ఆగస్టు, సెప్టెంబరు ఉక్కపోతలో గాలి నిండా తేమే ఉంటుంది కాబట్టి కుండకి చెమట పడుతుంది గానీ ఆరదు, నీళ్ళు పెద్దగా చల్లబడవు. నేను మొదటిసారి సెప్టెంబరులో చేసి పిల్లల ముందు అభాసుపాలయ్యాను. వీలుంటే రెండు కాలాల్లోనూ చెయ్యండి, రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి కారణం వాళ్ళనే అడగండి. బళ్ళారి, అనంతపురం వైపు తాతమ్మలున్న పిల్లలకీ, కాకినాడ వైపు వాళ్ళకీ కుండ నీళ్ళ మీద వాదన వస్తే అడ్డుపడకండి.

కుండ కొనేటప్పుడు లోపలా బయటా మెరుగు పూత గానీ రంగు గానీ లేనిది చూసుకోండి, పూత ఉంటే చెమర్చదు. తెచ్చిన రోజే వాడకండి. ఒక రోజంతా నీళ్ళలో నాననిచ్చి, ఆ నీళ్ళు పారబోసి, సబ్బు పెట్టకుండా కొబ్బరి పీచుతో కడగండి. అడుగున తడి ఇసుక పళ్ళెం పెట్టడం మర్చిపోతే బాల్కనీ కింద ఇంటివాళ్ళు పైకొస్తారు.